కూర్మయ్య ముట్టని తీగ

ఆ రోజు ఊరంతా కలిసి కూర్మయ్య చేత దీపం ఆర్పించింది.

పొగడవలస అమ్మోరి గద్దె ముందు మట్టి ప్రమిద పెట్టి, నువ్వులనూనె పోసి, వత్తి వెలిగించారు. పక్కనే కూర్మయ్య చేసిన డబ్బాలు కుప్పగా పడి ఉన్నాయి. ఎవరి మోటారు దగ్గర ఉన్నదాన్ని వాళ్లే పీక్కొచ్చి, తీగలు వేలాడుతుండగా అక్కడ విసిరేశారు. ఊరి పెద్ద జగన్నాధం తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ముందుకొచ్చాడు. ఒక్కో మాటా తను అందిస్తూ కూర్మయ్య చేత పలికించాడు.

"ఈ ఊరి స్తంభం నుంచి దిగిన తీగ నాను ముట్టను."

"ఈ ఊరి స్తంభం నుంచి దిగిన తీగ నాను ముట్టను," అన్నాడు కూర్మయ్య.

"సేత్తో ముట్టను, పనిముట్టుతో ముట్టను."

అదీ అన్నాడు. ముడితే అమ్మోరు తనని చూసుకుంటుందని కూడా అన్నాడు. దీపం ఊదమన్నారు. అతను ఊదలేదు. వంగి, వత్తిని రెండు వేళ్ల మధ్య నలిపేశాడు. వేళ్లు చురుక్కుమన్నాయి. ఆ సంగతి ముఖంలో కనపడనివ్వకుండా ఇంటికి నడిచాడు.

దీపం ఆర్పి చేసిన ప్రమాణానికి ఆ ఊళ్లో ఒక కట్టు ఉంది. ప్రమాణం పలికించి ఆర్పించినవాడే మళ్లీ తన చేత్తో వెలిగిస్తే ప్రమాణం తీరిపోతుంది. ఇంకెవరు వెలిగించినా అది మామూలు దీపమే. ఆర్పించినవాడు వెలిగించకుండానే కన్ను మూస్తే, ఆర్పినవాడు ఆ ప్రమాణాన్ని తనతోపాటు కాటికి మోసుకుపోవలసిందే.

జగన్నాధం కూర్మయ్యకి వరసకి మావ. ఆ వరస ఆ రోజు ఏమీ పనిచెయ్యలేదు.

ఇంతకీ కూర్మయ్య చేసిన నేరం ఏమిటంటే, ఊళ్లో రైతులకి నడక తప్పించడం.

పొగడవలస ఆమదాలవలసకి దగ్గరే గానీ కాలవకి మాత్రం చిట్టచివరి ఊరు. చివరి ఊరికి కాలవ నీళ్లు పెళ్లిలో ఆఖరి బంతికి వచ్చే కూర లాంటివి. వస్తే వచ్చినట్టు, లేకపోతే సర్దుకున్నట్టు. అందుకని అందరూ పొలాల్లో బోర్లు వేసుకున్నారు. మోటార్లకి కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో చెప్పే నాథుడు లేడు. వచ్చిందని తెలియగానే చేతిలో ముద్ద వదిలి, గట్ల మీద పరుగెత్తి, మోటారు గుడిసెలో పచ్చబొత్తం నొక్కాలి. వానాకాలంలో ఆ గట్ల మీద పాములు కూడా అదే పని మీద తిరుగుతుంటాయి.

కూర్మయ్యకి చేతుల దురద చిన్నప్పటిది. తండ్రి రేడియోని విప్పి లోపల మాట్లాడే మనిషి కోసం వెతికే పిల్లలు కథల్లో ఉంటారు. ఇతను విప్పింది అది గరగరలాడుతోందని. విప్పాక ఆ గరగర కూడా ఆగిపోయింది. తండ్రి తోలు తీశాడు. పదో తరగతి తప్పాక ఆమదాలవలస స్టేషను రోడ్డులో ధనరాజ్ అనే షావుకారి దగ్గర రేడియోలూ టేపురికార్డులూ బాగుచేసే పనికి కుదిరాడు. టంకం పెట్టడం అక్కడే పట్టుబడింది. కాలం తిరిగి టేపురికార్డులు పోయాయి. షావుకారి అద్దాల బీరువాలోకి సెల్‌ఫోను కవర్లు వచ్చాయి. కవర్లు అమ్మడానికి కూర్మయ్య ఎందుకు? అతను ఇంటికొచ్చి తండ్రి పొలంలో నాగలి పట్టాడు. వస్తూ వస్తూ ఒక గోనెసంచి నిండా పాడైన సామాను మోసుకొచ్చాడు. దాన్ని చూసి భార్య యమున, "పెళ్లాం నగలెట్టుకున్న పెట్టి కన్నా నీ గోనికే తాళం గట్టిగా ఏస్తన్నావు," అంది.

ఆమె కోసం పాలు పొంగేముందు మోగే గంట చేశాడు. అది పాలు కాగినా మోగేది, అన్నం ఉడికినా మోగేది, పక్కింట్లో తిరగమోత పెట్టినా మోగేది. యమున కొన్నాళ్లు ఓర్చుకుంది. తర్వాత, "పాలు పొంగడం మానీసినాయి గానీ నా పేణం పొంగిపోతన్నాది," అని దాన్ని పట్టుకెళ్లి పశువుల శాలలో పడేసింది. కూర్మయ్య కోపగించుకోలేదు. పెయ్య తాడు తెంపుకుంటే మోగేలా దాన్నే మార్చి కట్టాడు. అక్కడ అది బాగా పనిచేసింది. పెయ్య ఆవిరి వదలదు కదా.

ఆ తర్వాత చేసినదే మోటారు డబ్బా. పాత బొత్తాల ఫోను ఒకటి తీసుకుని, ఫోను వచ్చినప్పుడు లోపల గుర్రుమని వణికే చిన్న ముక్కని పీకేసి, ఆ రెండు తీగల్నీ మోటారు స్టార్టరుకి అందేలా కుదిర్చాడు. ఇంటి అరుగు మీద కూర్చుని ఆ ఫోనుకి మిస్డ్ కాల్ ఇస్తే పొలంలో మోటారు లేస్తుంది. ఇంకోసారి ఇస్తే పడుకుంటుంది. మిఠాయి డబ్బాల్లో, టిఫిను కేరియర్లలో పెట్టి అడిగినవాళ్లందరికీ చేసి ఇచ్చాడు. గట్ల మీద పరుగులు ఆగిపోయాయి. ముద్ద వదిలి లేచేవాళ్లు ముద్ద మింగుతూనే మోటారు వేసుకున్నారు.

మొదట చేసిన డబ్బాలు యజమాని ఫోనుకి తప్ప ఎవరికీ పలికేవి కావు. కావాలనే అలా బిగించాడు. ఊరికి అది నచ్చలేదు.

"ఇదేటిరా కూర్మయ్యా, నా మోటారు నా కొడుకు మాట ఇనదా?" అని అడిగాడు జగన్నాధం.

"ఇనదు మావా. నీ మాటే ఇంతాది."

"మురళి ఇజీనారంలో ఉన్నాడు. ఆడు కొట్టినా లెగాల. గజపతినగరం అల్లుడు కొట్టినా లెగాల. ఇంటిదాని ఫోనుకీ లెగాల. మోటారంటే ఇంటిది గానీ నా ఒక్కడి సొత్తా?"

"అందరికీ తలుపు తీసి ఒగ్గేస్తే ఎవులైనా వచ్చీగలరు మావా."

"ఎవులొస్తారు? మోటారు నంబరు ఎవులికి తెలుసు?"

పెద్దాయన అన్నాక మిగిలినవాళ్లూ అదే పట్టు పట్టారు. ఆ ఊళ్లో ఇల్లంటే నాలుగు గోడలు కావు. పిల్లనిచ్చినవాళ్లూ పిల్లని తెచ్చుకున్నవాళ్లూ అందరూ కలిస్తేనే ఇల్లు. మోటారు వెయ్యడానికి అల్లుడికి హక్కు లేదంటే అది అల్లుడికి అవమానం. కూర్మయ్య అన్ని డబ్బాలకీ ఆ బిగింపు తీసేశాడు. ఎవరు చేసినా పలుకుతాయి.

ఆ వేసవిలో ఎన్నికలు వచ్చాయి. ఒక పార్టీ వాళ్లు జగన్నాధాన్ని ఊరివాళ్ల ఫోను నంబర్లు అడిగారు. ఎన్ని నంబర్లుంటే పెద్దమనిషికి అంత బలం. జగన్నాధం ఇంటింటి నంబర్లూ ఇచ్చాడు. అవి తక్కువనిపించి మోటార్ల నంబర్లు కూడా కలిపి ఇచ్చేశాడు. అలా పొగడవలసలో మోటార్లు కూడా ఓటర్లయ్యాయి.

ఊరంతా జెండాల ఊరేగింపులో ఉన్న మధ్యాహ్నం, కరెంటు నిండుగా ఉన్న వేళ, నాయకుడి రికార్డు గొంతు ప్రతి ఫోనుకీ నమస్కారం పెట్టింది. మోటార్లు ఆ నమస్కారం అందుకుని లేచి నిలబడ్డాయి. పొలాల్లో ఎవరూ లేరు. చేలన్నీ నువ్వు పూత మీద ఉన్నాయి. నువ్వుచేనుకి నిలవనీరు విషం. బోర్లన్నీ ఒక్కసారిగా లాగుతుంటే వేడెక్కి వేడెక్కి, పొద్దు వాలే వేళకి ట్రాన్స్‌ఫార్మరు పేలింది. సగం చేలు నీళ్లెక్కువై చచ్చాయి. మిగిలిన సగం కొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చేదాకా నీళ్లు లేక చచ్చాయి.

కూర్మయ్య డబ్బాలు విప్పి చూశాడు. అన్నిటికీ ఒకే చోటునుంచి ఫోను వచ్చింది. అతను నేరుగా జగన్నాధం ఇంటికి వెళ్లి, వాకిట్లో నిలబడి అడిగాడు.

"మావా, మోటారు నంబర్లు బయటికి ఎవులిచ్చారు?"

జగన్నాధం చెంబుతో నీళ్లు తీసుకుని చాలాసేపు కాళ్లు కడుక్కున్నాడు. మర్నాడు పొద్దున్నే అమ్మోరి గద్దె ముందు ప్రమిద పెట్టించాడు.

జగన్నాధం దుర్మార్గుడైతే ఈ కథ తేలికయ్యేది. దుర్మార్గుల్ని తిట్టుకుని పడుకోవచ్చు. అతను ఒకరి గట్టు చెక్కినవాడు కాదు, ఆపదలో ఉన్నవాడికి ధాన్యం లేదన్నవాడు కాదు. ఎండిపోయిన చేలు చూసి ఊరు ఒక మనిషి కోసం వెతుకుతుంటే, ఆ మనిషి తను కాకుండా ఉంటే చాలనుకున్నాడు. అంతే. మన ఊళ్లలో చాలా అన్యాయాలు భయపడ్డ మంచివాళ్లు చేసినవే.

ఒకరోజు రెండు రోజులు కోపంగా ఉంటాడులే అనుకుంది యమున. కూర్మయ్య కోపంగా లేడు. ప్రమాణాన్ని అక్షరం తప్పకుండా పాటించడం మొదలుపెట్టాడు. ఇంట్లో బల్బు వెయ్యడు. ఫ్యాను వెయ్యడు. ఫోను చార్జింగుకి పెట్టడు.

"తీగ ముట్టనన్నావు గానీ స్విచ్చి ముట్టనన్నావేటి?" అంది యమున.

"స్విచ్చి ఎనకాల ఉన్నాది ఏటి?"

"ఎవులు సూడొచ్చారు?"

"సూసినోళ్ల కోసం సెప్పినానేటి? నోటితో అన్న మాట తెగిపోతే దానికి టంకం పెట్టనేం."

ఒకసారి యమున చెల్లెలి పురిటికని వెళ్లింది. వెళ్తూ వెళ్తూ మొగుడికి ఉక్కపోస్తుందని జాలిపడి ఫ్యాను వేసి వదిలేసి వెళ్లింది. ఆ మర్నాడు ముసురు పట్టింది. చల్లగాలి, వాన. ఆమె తిరిగొచ్చేసరికి కూర్మయ్య ఫ్యాను కింద దుప్పటి ముసుగు కప్పుకుని తుమ్ముతూ కూర్చున్నాడు. ఆపడానికైనా స్విచ్చి ముట్టాలి కదా. యమున తల బాదుకుంది, తర్వాత నవ్వాపుకోలేక గుమ్మంలోనే కూర్చుండిపోయింది. నవ్వి నవ్వి చివరికి ఏడ్చింది.

అలాగని చేతులు ఊరుకోలేదు. పాడైపోయి పారేసిన సోలారు వీధిదీపం పలక ఒకటి సంపాదించి ఇంటి పెంకుల మీద ఎక్కించాడు. పాత ల్యాప్‌టాపుల సెల్లులు విప్పి, బాగున్నవి ఏరి, వరసలు కట్టి దానికి కలిపాడు. "ఇది ఊరి తీగ కాదు. అరసవిల్లి సూర్నారాయణ సామి సొయంగా పంపించిన కరెంటు," అనేవాడు. టంకం పెట్టే కరెంటు కడ్డీ గోడ ప్లగ్గులో పెట్టకూడదు కాబట్టి రాగికడ్డీ ఒకటి సాగదీసి, యమున పొయ్యిలో కాల్చి, దానితో టంకం పెట్టేవాడు. పొయ్యి మీద చేపల పులుసు, పొయ్యిలో రాగికడ్డీ. పులుసుకి సీసం వాసన వస్తోందని ఆమె, టంకానికి చేపల వాసన వస్తోందని ఇతను. పిచుకల్ని తోలే చప్పుడు డబ్బా, కుండలో నీళ్లు నిండితే కూసే పీక, అసలు సెల్లే లేకుండా పాడే రేడియో, ఇలా ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాడు. ఆ రేడియో మరీ సన్నగా పాడేది. చెవిలో పెట్టుకుని ఊపిరి బిగబట్టి వింటే విశాఖ కేంద్రం వార్తలు వచ్చేవి. "ఊపిరి ఆడకుండా సేసి వార్తలు సెప్తాదేటి ఇది," అనేది యమున.

తుఫానుకి స్తంభాలన్నీ నేలవాలినప్పుడు ఊళ్లో అతని ఇంట్లోనే వెలుగుంది. అందరూ ఫోన్లు తెచ్చి చార్జింగు పెట్టుకున్నారు, అతని అరుగు మీద కూర్చుని కరెంటువాళ్లని తిట్టుకున్నారు, స్తంభాలు లేచాక ఎవరిళ్లకి వాళ్లు పోయారు. దీపం సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తకూడదని కాదు, ఎవరికీ గుర్తులేదు. ఊరు మరిచిపోయింది.

మరిచిపోయిన ఊరు మిక్సీలు పట్టుకుని అతని దగ్గరికే రాసాగింది.

"ఇది కాస్త సూడు కూర్మయ్యా, పొగొస్తన్నాది."

"నాను ముట్టకూడదు."

"ఇంకా ఆ గోలేటి? అది ఎప్పుడో అయిపోనాది కదా."

"ఎవులికి అయిపోనాది?"

వచ్చినవాళ్లు నొచ్చుకుని వెళ్లిపోయేవాళ్లు. కొట్టినవాడు మరిచిపోయినంత తేలిగ్గా దెబ్బ తిన్నవాడు మరిచిపోవాలని ఊరి కోరిక. మరిచిపోకపోతే వాడికి పొగరు.

ఊళ్లో మరిచిపోనివాడు ఇంకొక్కడున్నాడు. కూర్మయ్య వీధిలోకి వస్తే జగన్నాధం దారి మళ్లేవాడు. పెళ్లి బంతిలో ఎదురుపడితే విస్తరి వంక చూసేవాడు. యమున ఇదంతా గమనిస్తూనే ఉంది.

"ఒక్కసారి ఎల్లి అడిగీరాదా. అడిగితే కాదంతాడేటి?"

"అడిగితే ఎలిగిస్తాడు."

"మరింకేటి?"

"అడిగించుకుని ఎలిగిస్తే నాను ఎలిగించుకున్నట్టే అవుతాది గానీ ఆయన ఎలిగించినట్టు కాదు."

కిందటి వేసవిలో జగన్నాధానికి కుడిపక్క పడిపోయింది. చెయ్యి పోయింది, కాలు పోయింది, మాట ముద్దైంది. కబురు తెలిసిన రోజు యమున కంచంలో అన్నం కలిపి అలాగే కూర్చుంది. కుడిచెయ్యి పోయినవాడు అగ్గిపుల్ల ఎలా గీస్తాడు? పెద్దాయన ఎన్నాళ్లుంటాడో కూడా తెలియదు. ఆయనతోపాటే ఆ దారి మూసుకుపోతుంది. మొగుడి ముఖం వంక చూసింది. అతను పెరుగు వెయ్యమన్నాడు.

కొన్నాళ్లకి జగన్నాధం కోడలు శ్రావణి వచ్చింది. ఆమె కూర్మయ్యని అన్నయ్యా అని పిలుస్తుంది.

"మావయ్యకి పిలవడానికి గొంతు రాదు అన్నయ్యా. బజార్లో గంట కొన్నాం. బొత్తం బిరుసు, ఆయన ఎడమవేలికి దిగదు. దిగినా పిట్ట కూతొస్తాది. ఎదురింటోళ్లదీ పిట్టే, పక్కింటోళ్లదీ పిట్టే. ఏ పిట్ట కూసినా నాను పరిగెత్తుకెల్లిపోతన్నాను. ఆయన పిలిస్తే మటుకు ఎదురింటోళ్లు పిల్లలొచ్చారని తలుపు తీస్తన్నారు."

ఆమె అటు వెళ్లగానే యమున అంది, "నీ సేత దీపం ఆర్పించినోడికి గంట కడతావేటి?"

"గంట సెల్లులతో మోగుతాది. ఊరి తీగతో పని నేదు."

"నాను అడిగింది అది కాదు."

"తెలుసు," అని కూర్మయ్య రంపపు బ్లేడు ముక్క కోసం గోనెసంచిలో చెయ్యి పెట్టాడు.

ఈక ఆనినా చాలు పలికే బొత్తం చేశాడు. శబ్దానికి పిట్టా పాటా కాకుండా నిజం సైకిలు గంటనే పెట్టాడు. అది బిగించడానికి వెళ్లినప్పుడు జగన్నాధం గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంచం కింద విరిగిన అగ్గిపుల్లలు చెదిరి ఉన్నాయి.

"సూడు అన్నయ్యా. ఎడంసేత్తో అగ్గిపెట్టి పట్టుకుంతాడు, పుల్ల నోట్లో పెట్టుకుని గీస్తాడు. సుట్ట మీద ఆశ ఇంకా సావనేదు. మీసం కాల్చుకుంతాడని పెట్టి దాచీసినాం," అంది శ్రావణి.

కూర్మయ్య వంగి పుల్లలు ఏరి చూశాడు. చుట్ట కోసమే కావచ్చు. కాకపోనూవచ్చు. దారి పొడుగునా అదే ఆలోచన. అడగకూడదని తను పెట్టుకున్న పట్టుదల ఒకవైపు, ఆ ఎడమచేతి కింద విరిగిన పుల్లలు ఒకవైపు. ఇంటికొచ్చి యమున పాత ఇస్త్రీపెట్టె విప్పి, లోపల ఎర్రగా కాలే తీగని ఒక ముక్క తుంచాడు.

మరోసారి వెళ్లినప్పుడు మంచం పక్క గూటిలో మట్టి ప్రమిద పెట్టాడు. వత్తి చివరకి ఆనేలా ఆ తీగని చుట్టి, కింద సెల్లుల పెట్టె అమర్చి, మంచం కోడుకి రెండో బొత్తం బిగించాడు. వత్తికి కాస్త కర్పూరం పొడి అద్దాలని శ్రావణికి చూపించాడు. తర్వాత మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మావా, నల్లబొత్తం గంట. ఎర్రబొత్తం దీపం. ఏది కావాలంటే అది నొక్కు."

జగన్నాధం ముద్దమాటతో అన్నాడు, "ఏ... దీపం?"

"నువ్వులనూని దీపం."

పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. కూర్మయ్య గుమ్మం దాటేదాకా తెరవలేదు.

ఆ తర్వాత గంట బాగోగులు చూసే నెపంతో అప్పుడప్పుడు వెళ్లేవాడు. గంట మోగుతూనే ఉంది. మజ్జిగకి, మర్దనాకి, దోమలకి, కోడలి మీద కోపానికి. ప్రమిద మాత్రం ఎప్పుడు చూసినా కడిగినట్టే ఉండేది. వత్తి తెల్లగా కొత్తగా ఉండేది. జగన్నాధం మాట్లాడేవాడు కాదు. కూర్మయ్య అడిగేవాడు కాదు. ఇంటికొచ్చాక యమున అతని ముఖం చూసి తనే జవాబు చెప్పుకునేది. చుట్టే అయ్యుంటుంది, పుల్లలు చుట్ట కోసమే విరిగుంటాయి అని అతనికీ నమ్మకం కుదిరింది.

చివరిసారి వెళ్లిన సాయంత్రం, గంట సెల్లులు మార్చాక, ఎందుకో దీపం పెట్టె కూడా విప్పి మీటరు ఆనించాడు. ముల్లు లేవలేదు. ఇంకోసారి ఆనించాడు. సెల్లులు పూర్తిగా వట్టిపోయాయి. ముట్టని దీపానికి సెల్లులు ఎందుకు వట్టిపోతాయి? తీగచుట్ట వంక చూశాడు. కాలి కాలి పెళుసెక్కి నల్లబడింది. తలెత్తి శ్రావణి వంక చూశాడు. ఆమె జావ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"రోజూ నొక్కుతాడు అన్నయ్యా," అంది మెల్లగా. "పొద్దుగూకితే సాలు. ఎలుగుతాది. కాసేపు దాన్నే సూస్తాడు. ఆ తర్వాత 'కూర్మయ్యొస్తాడు, ఆర్పీసి కడిగీ, కొత్త వత్తి ఎయ్' అంతాడు. నువ్వు రాని రోజు కూడా అలగే అంతాడు. నీతో సెప్పొద్దని నా సేత ఒట్టు ఏయించుకున్నాడు."

జగన్నాధం గోడవైపు తిరిగే ఉన్నాడు. ఆయన వీపు మాత్రం వింటోంది.

ఆ రోజు యమున పాలు పితుక్కుని వచ్చేసరికి ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది. తనే వేసి మరిచిపోయానేమో అనుకుంది.

వారం తిరగకుండా జగన్నాధం పోయాడు. పెద్దకర్మ నాడు షామియానా వేశారు గానీ దీపాలు పెట్టవలసిన మనిషి ఆమదాలవలస నుంచి రాలేదు. కొడుకు మురళీమోహన్ ఫోను చెవిలో పెట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. కూర్మయ్య ఎవరికీ ఏమీ చెప్పకుండా మెయిను ఆపి, మీటరు బోర్డు దగ్గర నిచ్చెన వేసుకుని, తీగ చివరలు కత్తితో గీకి కలపడం మొదలుపెట్టాడు. మరిచిపోయిన ఊరికి అంతా ఒక్క క్షణంలో గుర్తొచ్చింది. బంతిలో కూర్చున్నవాళ్లు ముద్దలు ఆపి చూశారు.

"బావా, ఒట్టు కదా," అన్నాడు మురళీమోహన్.

వంటల దగ్గరనుంచి యమున గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "దిగు. ముందు దిగు. ఎవులు ఎలిగించారని ముడతన్నావు?"

"మావే ఎలిగించాడు."

"ఎప్పుడు? ఎవులు సూసినారు?"

కూర్మయ్య కత్తి నోట్లో కరుచుకుని తీగ బిగిస్తున్నాడు. జవాబు చెప్పింది శ్రావణి. అందరి ముందూ చెప్పింది. పొద్దుగూకితే ఎర్రబొత్తం నొక్కే సంగతీ, కడిగించే సంగతీ, అన్నీ. ఊరు తలొంచుకుందని రాస్తే అబద్ధం. కొందరు విన్నారు, కొందరు పులుసు అడిగారు. షామియానాలో దీపాలు వెలిగాయి. యమున గరిటె కింద పెట్టడం మరిచిపోయి నిలబడిపోయింది.

"మరి ఈయనేటన్నాడు?" అని అడిగింది చివరికి.

ఏమన్నాడో కూడా శ్రావణే చెప్పింది. ఆ సాయంత్రం కూర్మయ్య వట్టిపోయిన సెల్లులు తీసి జేబులో వేసుకున్నాడట. కొత్తవి పెట్టి, మూత బిగించి, మంచం పట్టి మీద కూర్చున్నాడట. పెద్దాయన ముఖం ఇటు తిప్పలేదు. కూర్మయ్య కూడా తిప్పమనలేదు. దుప్పటి మీద ఉన్న ఆ ఎడమచేతిని తీసి, తన చేతిలో కాసేపు పెట్టుకుని, మామూలుగా మరమ్మతు సంగతి చెప్పినట్టే చెప్పాడట.

"ఒక్కసారి నొక్కితే సాలు మావా. రోజూ నొక్కితే సెల్లులు ఏటయిపోతాయి?"